తొందరపడని తాత

నా చిన్నప్పుడు మా ఊరు తిరుమణి నుంచి బెంగళూరు పోవడమంటే ఒక రోజు పని. ఊరి బస్సులో పావగడ చేరి, అక్కడ ఇంకో బస్సెక్కి మధుగిరి మీదుగా పోవాలి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మను బెంగళూరులో పెద్దాసుపత్రిలో చేర్చారు. నాన్న ఆమె దగ్గరే ఉన్నాడు. అమ్మ నన్ను చూడాలంటోందని కబురొస్తే, మా తాత నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. అమ్మను కన్నతండ్రి ఆయన. జీవితమంతా గొర్రెలు కాసినవాడు.

పావగడ బస్టాండులో, అప్పుడే బెంగళూరు నుంచి వచ్చిన బస్సు కండక్టరు తాతను పక్కకు పిలిచాడు. నాన్న పంపే కబుర్లన్నీ ఆయనే తెచ్చేవాడు. ఏం చెప్పాడో నాకు వినపడలేదు. తాత కాసేపు గోడకు ఆనుకుని నిలబడి, తువ్వాలుతో మొహం తుడుచుకుని వచ్చాడు. అమ్మ ఎట్లుండాదని అడిగాను. "పోదాం పామ్మా" అన్నాడు.

ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మనిషి ఆ రోజు దారిపొడుగునా అమ్మ సంగతులే చెప్పాడు. నా వయసులో ఉన్నప్పుడు తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కుంటూ గుట్టెక్కి, అది దొరికాక దాన్ని ఒళ్ళో పెట్టుకుని అక్కడే నిద్రపోయిందట. నేను మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పాడు.

బెంగళూరు చేరబోతుండగా యశవంతపురం దగ్గర బస్సు ఆగిపోయింది. ముందు లారీలు, పక్కన ఆటోలు, ఎద్దులబండ్లు, వెనక ఇంకా బస్సులు. అన్ని బండ్లు ఒకేచోట ఉంటాయని నాకు అంతవరకూ తెలియదు. బస్సులో వాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి తిట్టుకుంటున్నారు. కొందరు దిగి నడుస్తున్నారు. సాయంత్రం దాటితే ఆసుపత్రిలోకి రానివ్వరని నాన్న ముందే చెప్పి పంపాడు. పొద్దు వాలుతోంది. దిగి నడుద్దామని తాత చెయ్యి పట్టి లాగాను.

ఆయన కదల్లేదు. నిదానంగా పోదాంలే అన్నాడు. అవతలి దారిలో రెండంతస్తుల బస్సు పోతుంటే చూడమని చూపించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకు మా అమ్మంటే ఇష్టం లేదు" అన్నాను, బస్సంతా వినేటట్టు.

ముందు సీట్లో ఒకామె వెనక్కి తిరిగి చూసింది. తాత నా చెయ్యి మాత్రం వదల్లేదు.

మేము పోయేసరికి నాన్న ఆసుపత్రి గేటు పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి కూడా లేవలేదు. తాత నన్ను మెట్టుమీద కూర్చోబెట్టి, అమ్మ ముందురోజు సాయంత్రమే పోయిందని చెప్పాడు. పావగడలో కండక్టరు చెప్పింది అదేనని నాకు అప్పుడు అర్థమైంది. ఎందుకు చెప్పలేదని ఆయన్ను రెండు చేతులా కొట్టాను.

"దారిలో ఉన్నంతసేపన్నా నీకు అమ్మ ఉండాల అనుకుంటి తల్లీ" అన్నాడు.

ఆ తర్వాత తాత ఏడ్చాడు. పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఏడ్చాడు. పోయింది ఆయన బిడ్డ కూడా అన్న ఊహ నాకు అప్పటిదాకా రానేలేదు.

బస్సులో నేనన్న మాటను ఆయన ఎన్నడూ ఎత్తలేదు. తప్పయిందని చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. రేపు చెబుదాం, మాపు చెబుదాం అనుకుంటుండగానే ఆయనా పోయాడు. ఆయన గొర్రెలు మేపిన బీడంతా ఇప్పుడు సోలార్ పలకల కింద ఉంది. ఆ మాట మాత్రం నా దగ్గరే మిగిలిపోయింది.

మొన్న కళ్ళు చూపించుకోవడానికి బెంగళూరు పోయాను. ఇప్పుడు నెత్తిమీద మెట్రో పోతోంది, వంతెనల మీద వంతెనలు లేచాయి. కింద మా బస్సు మాత్రం గంటసేపు నిలిచిపోయింది. అందరూ ఫోన్లలో ఎవరెవరికో కోపంగా సంజాయిషీ చెప్పుకుంటున్నారు. నా పక్కన ఒకామె ఒళ్ళో సంచి పెట్టుకుని, టైమన్నా చూడకుండా కూర్చుంది. దిగాల్సిన ఒకతను, దారివ్వకుండా రాయిలా కూర్చున్నావేందని ఆమెను విసుక్కున్నాడు. నేను లేచి అతనికి దారిచ్చి, "ఆమెనేమీ అనొద్దప్పా" అన్నాను.

ఆమె ఎక్కడికి పోతోందో నేను అడగలేదు. అందరూ తొందరపడే చోట తొందర లేని మనిషి కనబడితే, ఈ వయసులోనూ నా గుండె ఒక్కసారి ఆగినట్టవుతుంది.