తాళంచెవిని నమ్మని పిన్ని

చిన్న విమానాల ఇంజిన్లు బాగుచేసే పిన్నికి ఒక చాదస్తం ఉంది. ఆగి ఉన్న పంకాకైనా ఎదురుగా నిలబడదు. ఇంట్లో వైరు పీకేసి దారిలో పెట్టిన టేబుల్ ఫ్యానుని కూడా చుట్టు తిరిగే దాటుతుంది. "కరుస్తుందా ఏమిటే అది?" అని అత్తగారు రోజూ ఎకసెక్కాలాడేది.

ఆమె పనిచేసే విమానాల షెడ్డులో పైలట్ ఇంకో రకం. పెట్రోలు కట్టేసి ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, విమానం ముందున్న పంకా రెక్కకి టోపీ తగిలించి, దాన్నే ఆనుకుని టీ తాగేవాడు. ఎన్ని చీవాట్లు పెట్టినా నవ్వేసేవాడు.

ఒకరోజు ఇంజిన్ నడుస్తుండగానే పిన్ని అతనితో అంది. "పెట్రోలు కట్టకు. తాళంచెవి మాత్రం ఆపే వైపు తిప్పు."

తిప్పాడు. ఇంజిన్ ఆగలేదు. హాయిగా తిరుగుతూనే ఉంది. చివరికి పెట్రోలు కట్టేస్తే గానీ ఊరుకోలేదు.

"తాళంచెవి తిప్పగానే ఇంజిన్లో నిప్పురవ్వని ఆపే వైరు ఎప్పుడో తెగింది బాబూ. లోపల కాస్త పెట్రోలు ఆవిరి మిగిలుంటే, నువ్వు రెక్కని ఇలా కదిపితే చాలు, అంటుకుని గిర్రున తిరుగుతుంది."

పైలట్ చెయ్యి దానంతటదే నెత్తిమీద టోపీని తడుముకుంది.

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే, "చాల్లే నీ కోతలు!" అని అత్తగారు కొట్టిపారేసింది. కాసేపటికి మంచినీళ్ల కోసం లేచి, ఫ్యాను దగ్గర ఆగింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ గమనించట్లేదని రూఢి చేసుకుని, చుట్టు తిరిగి వెళ్లింది.