చేతులు కట్టుకున్న సాయం

వాన పడిన రోజున కెనడాలో మా బర్నబీ ఇంటి తలుపు తీస్తే ముందుగా పలకరించేది వంకెకు వేలాడే, కుక్క ఒంటికి తొడిగే పాత తోలు హార్నెస్ వాసనే. తోలూ, తడి బొచ్చూ, కాస్త అమ్మ చేతికి అంటిన కొబ్బరి నూనే కలిసిన వాసన అది. దాన్ని పీల్చగానే, నాకే తోక ఉంటే ఊపేదాన్ని.

నేను పుట్టకముందే అమ్మకి చూపు పోయింది. కాకినాడ యాసా, గొంతూ, మొండితనమూ మాత్రం చెక్కుచెదరలేదు. రోడ్డుకి అవతల ఉన్న చర్చిలో నలుగురితో కలిసి పాడటమంటే ఆవిడకి ప్రాణం. కానీ నాన్నకి షిఫ్టు లేని రోజే అమ్మకి పాట. "నా కాళ్ళు కదలాలంటే ఈయన సెలవు పెట్టాలా?" అని రుసరుసలాడేది. చివరికి ఒక శరత్కాలంలో, మేపుల్ ఆకులు కాళ్ళకింద కరకరలాడే రోజుల్లో, చూపులేనివాళ్ళని నడిపించే కుక్కల శిక్షకురాలు మార్గరెట్ వెంట నల్లటి లాబ్రడార్ కుక్క ఒకటి మా ఇంటికి వచ్చింది. పేరు హేజల్. మధ్యాహ్నానికల్లా అమ్మ నోట హేజలమ్మ అయిపోయింది.

అప్పటిదాకా కుక్కే లైటు చూసి దాటిస్తుందనుకున్నాను. కాదట. ఇక దాటొచ్చని సిగ్నల్ స్తంభంలోంచి పిట్ట కూత వినిపిస్తుంది, పక్కనే సాగే కార్ల హోరు మారుతుంది, అవి విని అమ్మే "ఫార్వర్డ్" అనాలి. ఎదురుగా కారు వస్తుంటే మాత్రం అమ్మ ఎన్నిసార్లు చెప్పినా హేజల్ కదలకూడదు. చెప్పిన మాట వినకపోవడమే దాని చదువు! ఆ స్తంభంలో నిజంగానే పిట్ట ఉందనుకుని నేను అటుకులు పెట్టేదాన్ని. ఇంట్లోనూ అదే ఆట: అమ్మ చున్నీతో నేను కళ్ళకి గంతలు కట్టుకుంటే, నాన్న మోకాళ్ళ మీద వంగి గైడ్ డాగ్ అయ్యి, "ఫార్వర్డ్" అనగానే తిన్నగా తీసుకెళ్ళి సోఫాకి గుద్దించి, కిక్కురుమనకుండా కూర్చునేవాడు.

చిక్కంతా బస్‌స్టాప్‌తో వచ్చింది. ఆ రోజుల్లో ఏ బస్సు ఆగినా చదువుకోడానికొచ్చిన మన తెలుగు పిల్లలే బిలబిలమంటూ దిగేవారు. భుజాన బ్యాగులు, కోటు కింద కాఫీ షాపు యూనిఫాం, కళ్ళనిండా నిద్ర. చూపులేని తెలుగావిడ రోడ్డు పక్కన నిలబడి ఉంటే వాళ్ళకి కాళ్ళు ఆగుతాయా? అందరికంటే ముందు కరీంనగర్ శ్రీకాంత్ అన్న పరిగెత్తుకొచ్చేవాడు. "ఆగుండ్రి ఆంటీ, నేను దాటిస్త!" అంటూ మోచెయ్యి పట్టుకుని అవతలికి చేర్చేవాడు. మరునాడు ఇంకొకరు. మా హేజలమ్మ మహా తెలివైంది కదా, నాలుగు రోజుల్లో గ్రహించేసింది. రోడ్డు అంచుకి రాగానే చక్కగా చతికిలబడి, బస్‌స్టాప్ వైపు తిరిగి, ఎవరో ఒకరు వచ్చేదాకా తోక ఊపుతూ ఉండేది. నవ్వి నవ్వి నాకు కడుపునొప్పి వచ్చింది.

మార్గరెట్ నవ్వలేదు. మనుషుల కోసం ఎదురుచూసే కుక్క ఈ పనికి రాదనీ, శుక్రవారం చివరి పరీక్ష నడకలోనూ ఇలాగే ఉంటే వెనక్కి తీసుకుపోక తప్పదనీ చెప్పింది. ఆ సాయంత్రం అమ్మ కూనిరాగమైనా తియ్యలేదు. నాకు భయమేసింది.

మరునాడు, క్రిస్మస్ ఇంకా రాకుండానే, అమ్మ గులాబి పువ్వులు వండే అచ్చులు బయటికి తీసింది. యాలకుల వాసన వీధిదాకా పోయింది. నేను వెళ్ళి బస్‌స్టాప్ పిల్లలందర్నీ పిలుచుకొస్తే, గుమ్మంలో తడి బూట్లు గుట్టపడ్డాయి. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"మీరు చెయ్యి పట్టుకుంటే నా కుక్క పోద్దిరా నాయనా."

శ్రీకాంత్ అన్న మొహం వాడిపోయింది. "కళ్ళ ముంగట అమ్మ లెక్క నిలవడితె ఎట్ల ఊకుంటం ఆంటీ?"

"ఊరుకోవడమే సాయం. చేతులు కట్టుకుని నిలబడండర్రా, బళ్ళోలాగ!"

శుక్రవారం సన్నగా వాన. నిజంగానే అందరూ బస్‌స్టాప్ దగ్గర, హెడ్మాస్టరు ఎదుట నిలబడ్డట్టు చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. పిట్ట కూసింది. "ఫార్వర్డ్" అంది అమ్మ. హేజల్ వాళ్ళవైపు చూసింది. ఎవరూ కదల్లేదు. ఓసారి తోక ఊపింది. అయినా కదల్లేదు. అప్పుడు మెల్లగా ముందుకి తిరిగింది గానీ, అడుగు వెయ్యలేదు. "ఫార్వర్డ్" అని అమ్మ మళ్ళీ అంది. ఉహూఁ! అయిపోయింది, మా కుక్క పోయింది అనుకున్నాను. అంతలో చప్పుడే లేని కారొకటి రయ్యిన మలుపు తిరిగి, అమ్మ ముందునుంచి నీళ్ళు చిమ్ముతూ దూసుకుపోయింది. శ్రీకాంత్ అన్న ఒక అడుగు ముందుకేసి, చేతులు ఇంకా బిగించుకుని ఆగిపోయాడు.

"నా తల్లే! నా బంగారమే!" అంది అమ్మ, వంగి దాని తల నిమురుతూ. మూడోసారి చెప్పగానే హేజలమ్మ మహారాణిలా దాటించేసింది. ఇటుపక్కన సినిమా హాల్లో వేసినట్టు ఈలలు! మార్గరెట్ బిత్తరపోయి చూసి, తనూ ఒక ఈల వేసింది. "ఇంక విప్పండర్రా చేతులు!" అని అవతలినుంచి అమ్మ అరిచింది.

హేజల్ మా ఇంట్లోనే ముసలిదై, మా పరుపు మీదే కన్నుమూసింది. ఆ పిల్లలు ఈ దేశంలో ఉండిపోవడానికి పీఆర్‌లు వచ్చి తలో ఊరికి పోయారు. శ్రీకాంత్ అన్న మాంట్రియల్‌లో ఉన్నాడు. బస్‌స్టాప్ తీసేశారు. అమ్మ జుట్టు తెల్లబడింది, పక్కన కొత్త కుక్క నడుస్తోంది. మొన్న అదే రోడ్డు దగ్గర కారొకటి మలుపు తిరుగుతుంటే నా చెయ్యి దానంతటదే అమ్మ మోచేతి దాకా వెళ్ళింది. ఇంకా తగలనే లేదు, ఆవిడకెలా తెలిసిందో.

"చేతులు కట్టుకోవే," అంది, ఇటు తిరగకుండానే.

కట్టుకున్నాను. కారు పోయింది, వాళ్ళిద్దరూ కదిలారు, వెనకాలే నేను దాటాను.