మామ చూసిన పురుగులు

ఆ రోజుల్లో మా అనకాపల్లి వైపు 'మందు' అన్న మాట ఒకటే గానీ సరుకు మాత్రం మూడు రకాలు. ఆసుపత్రిలో ఇచ్చేదీ మందే, సారా కొట్లో పోసేదీ మందే, చేలో కొట్టేదీ మందే. ఫలానావాడికి మందెక్కింది అని ఎవరైనా అంటే, ఏ మందో తెలియడానికి చెప్పేవాడి మొహం చూడాలి. నవ్వుతూ చెబితే ఒకటి, నెత్తి కొట్టుకుంటూ చెబితే ఇంకొకటి. ఫోనులో మొహం కనపడదు కదా! సెల్‌ఫోనుకి ఇన్‌కమింగ్ డబ్బులు తీసేసిన కొత్త రోజులవి. అందరూ అందరికీ అన్నీ ఫోనులోనే చెప్పేస్తున్నారు. ఇంత చిన్న సంగతి మా మామ ప్రాణం మీదికి తెచ్చింది. డిగ్రీలో పురుగుల గురించే చదువుకున్న నాకే ఏ మందో తట్టలేదు, ఇక ఊళ్ళోవాళ్ళని అని ఏం లాభం?

అప్పుడు నేనొక చక్కెర ఫ్యాక్టరీలో ఫీల్డు అసిస్టెంటుని. ఉద్యోగం పేరు గొప్పగా ఉండేది, పని మాత్రం గుడ్లు పంచడం. చెరకు మొక్క పసిగా ఉన్నప్పుడు పీక పురుగని ఒకటి పడుతుంది. లోపలికి దూరి నడిమి లేత చిగురు, అంటే మొవ్వు, తినేస్తుంది. ఎండిన మొవ్వు పట్టుకుని లాగితే కుళ్ళు కంపుతో చేతిలోకి ఊడి వచ్చేస్తుంది. ఈ పీక పురుగు పెట్టే గుడ్లని తిని బతికే పురుగు వేరే ఉంది. కందిరీగ జాతిదే, కాకపోతే దాని పక్కన ఆవగింజ గుమ్మడికాయలా ఉంటుంది. వాటిని మా ల్యాబులో పెంచి, గుడ్లు అట్టముక్కల మీద అంటించి, ట్రైకో కార్డులని పేరు పెట్టి రైతులకిచ్చేవాళ్ళం. కార్డుని చెరకు ఆకు అడుగున పిన్నుతో కొట్టి వదిలేస్తే చాలు. "పీక పురుగు చెరకుని తింటుంది, మన మిత్ర పురుగు పీక పురుగు గుడ్డుని తింటుంది, సాలీడూ చుక్కల రెక్కల అక్షింతల పురుగూ మిగతావాటి పని చూసుకుంటాయి, ఎవరి తిండి వాళ్ళు తింటే రైతు తిండి రైతుకి మిగులుతుంది" అని నేను ఊరూరా పాఠం అప్పజెప్పేవాణ్ణి. చీడికాడ వైపు ఒక పెద్దాయన అంతా ఓపిగ్గా విని, కార్డుని అటూ ఇటూ తిప్పి, "ఈ కార్డుకి కిరసనాయిలెంతిత్తారు బాబూ?" అని అడిగాడు. నాకు గుడ్ల సారు అని పేరు స్థిరపడిపోయింది. కార్డుల మీది గుడ్ల వల్ల కొంత, సోడాబుడ్డి కళ్ళద్దాల వెనక ఉబ్బెత్తుగా కనపడే నా కంటిగుడ్ల వల్ల కొంత.

ఎవరూ తీసుకోని సరుకుని చుట్టాలకి అంటగట్టడం లోకసహజం. నాకు దొరికినవాడు మా మామ, అమ్మకి తమ్ముడు. కె. కోటపాడు దగ్గర పల్లెలో కౌలు చెరకు వేసేవాడు. ఆ యేడు ఆయన ఆశంతా ఆ ఒక్క చెక్క నేల మీదే. ఆ పంట పోతే భూమి ఆసామి మరొకరికి ఇచ్చేస్తాడని ఊరంతా అనుకుంటున్నారు. మామ మంచివాడు, మాటకారి, సాయంత్రమయ్యేసరికి రెండో రకం మందు పడనిదే ఆ మాటలు బయటికొచ్చేవి కావు. నేను కార్డులు కట్టిన రోజున భూతద్దం చేతికిచ్చి చూడమన్నాను. ఆయన చాలాసేపు చూశాడు.

"ఏదిరా అల్లుడా నీ మిత్రుడు? నాకు నా బొటనేలు ఒక్కటే కనపడతన్నాది. బాగానే ఉన్నాది."

"ఇంకా గుడ్డులోంచి రాలేదు మామా. వచ్చాక కూడా కంటికి ఆనదు."

"కంటికి ఆననోణ్ణి నమ్ముకుని సేను ఒగ్గీమంటావు. సర్లే. నువ్వు సెప్పేవు కాబట్టి ఒగ్గీసేను."

అక్కడి వరకూ బాగానే ఉంది. కార్డులు కట్టేనాటికే లోపలికి దూరిన పురుగులు కొన్ని ఉన్నాయి. గుడ్డుని తినే పురుగు, లోపల కూర్చున్నదాన్ని ఏం చేస్తుంది? దాంతో అక్కడక్కడా మొవ్వులు ఎండడం మొదలైంది. గట్టుకి అవతలి చేను మామకి వరసకి బావ అయ్యేవాడిది. ఆయన భుజాన డబ్బా వేసుకుని చేనంతా మందు కొట్టేశాడు. రెండు రోజులకి ఆ చేను కడిగిన ముత్యంలా ఉంది. ఇక ఆ బావ రోజూ గట్టు మీద నిలబడి, "ఏటి బావా, నీ అల్లుడి పురుగులు ఇంకా దార్లోనే ఉన్నాయేటి? బస్సు దొరకలేదేటి?" అని కేకేసేవాడు. మామ మొదట్లో తనూ నవ్వేవాడు. తరవాత తరవాత నవ్వడం మానేశాడు.

నేను వెళ్ళి చెప్పాను. మందు కొడితే పీక పురుగు కాండంలో భద్రంగా దాక్కుంటుందనీ, పైన తిరిగే మన పురుగులూ సాలీళ్ళూ ముందు చస్తాయనీ, తినేవాళ్ళు లేకపోతే తినబడేవాళ్ళు రెట్టింపై తిరిగొస్తారనీ, ఇంకొన్నాళ్ళు ఆగమనీ. మామ ఎండిన మొవ్వొకటి లాగి నా చేతిలో పెట్టాడు. "నీకేటిరా, నెల తిరిగేసరికి జీతం వత్తాది. నాకు సెరుకు రావాల" అన్నాడు. ఆగుతానని మాట మాత్రం ఇచ్చాడు.

తరవాత వారంలోనే, ఒక మధ్యాహ్నం నేను బెల్లం మార్కెట్ దగ్గర టీ తాగుతుంటే ఫోను మోగింది. అవతల గట్టు మీది బావ. "బాబూ, మీ మావకి మందెక్కీసింది. ఏటో వాగుతన్నాడు, కక్కుతన్నాడు. మీ అత్త గోల పెడతన్నాది, బేగి రా" అన్నాడు. నేను టీ పూర్తిగా తాగాను (గ్లాసు అడుగున మిగిలిన పంచదారతో సహా). ఎండ తగ్గని వేళ తాగి పడిపోయిన మామకి ఏమేం చెప్పాలో దారి పొడుగునా బస్సులో వరసగా పేర్చుకున్నాను.

వెళ్ళేసరికి మామ అరుగు మీద నులక మంచంలో ఉన్నాడు. చుట్టూ సగం ఊరుంది. ఎవరో నెత్తి మీద నిమ్మకాయ రుద్దుతున్నారు. ఇంకెవరో మజ్జిగ తాగిస్తుంటే అది తిరిగి వచ్చేస్తోంది. ఆటోవాణ్ణి పిలిస్తే, తాగినోడు సీటు పాడుచేస్తాడని పోయాడట. అత్త చెంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. నేను నా ఉపన్యాసం మొదలుపెట్టాను. మిట్టమధ్యాహ్నం తాగడమేమిటి మామా, అత్త మొహమైనా చూడవా, చేను సంగతేమిటి అని చాలా దూరం వెళ్ళాను. మామ నోటి నుంచి చొంగ కారుతోంది. చొక్కా లేని ఒంటి మీద చెమట ధారలు కడుతోంది. నా వైపు చెయ్యెత్తబోతే చెయ్యి లేవలేదు. "తాగ... నేదురా" అన్నాడు. అందరూ నవ్వారు. తాగినవాళ్ళందరూ అనే మాటే కదా అది.

అప్పుడు అత్త పెంచుకునే నల్లకోడి వాకిట్లోకి వచ్చింది. రెండడుగులు వేసి ఒరిగింది, లేచింది, రెక్కలు పరిచి గిరగిరా తిరిగి మంచం కోడు దగ్గర పడిపోయింది. పక్కింటి ముసలమ్మ బుగ్గ నొక్కుకుని, "ఓలమ్మ, కోడి కూడా తాగిందేటే!" అంది. జనం పగలబడి నవ్వారు. నాకు కూడా నవ్వొచ్చి, సగంలో ఆగిపోయింది.

"అత్తా, కోడి ఎక్కడికెళ్ళింది?"

"పొద్దున మీ మావ ఎనకాలే సేలోకి ఎల్లిందిరా. రోజూ ఎల్తాది. రాలిన పురుగులేరుకుని తింటాది."

బడిలో మాస్టారు ఆహారపు గొలుసని బోర్డు మీద బాణాలు గీసేవారు. గడ్డి నుంచి మిడతకి ఒక బాణం, మిడత నుంచి కోడికి ఒకటి, చివర్న మనిషి. ఆ బాణాలన్నీ మా అత్త వాకిట్లో నా కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. వంగి మామ రెప్పలు ఎత్తి చూశాను. కంటిపాపలు నువ్వుగింజలంత అయిపోయి ఉన్నాయి. మీద చెయ్యి వేస్తే, వీపంతా ఘాటు కంపు కొట్టే జిడ్డు. పశువుల సాల వెనక గోనెపట్టా కింద, కారే డబ్బా, ఖాళీ సీసా దొరికాయి. ఎదురుగాలిలో, చొక్కా కూడా లేకుండా చేలో మందు కొట్టాడు. అల్లుడికిచ్చిన మాట తప్పి చేస్తున్న పని కదా, చెయ్యి వణక్కూడదని ముందు రోజు సాయంత్రం నుంచి చుక్క ముట్టలేదట. ఆయన తాగని ఆ ఒక్కరోజునే ఊరంతా తాగాడని నిర్ధారణ చేసింది.

సబ్బుతో ఒళ్ళంతా కడిగాం. ఆటోవాణ్ణి మళ్ళీ పిలిపించి సంగతి చెప్తే ఈసారి మాట్లాడకుండా తనే కాళ్ళు పట్టుకుని ఎక్కించాడు. దారిలో చెరకు బళ్ళు అడ్డమొచ్చినప్పుడల్లా అత్త దిగి, దారి వదలమని బతిమాలింది. నేను ఒళ్ళో ఖాళీ సీసా పెట్టుకుని, మామ ఊపిరి వింటూ కూర్చున్నాను. ఊపిరి నీళ్ళలోంచి వస్తున్నట్టు గురగురలాడుతోంది. నాకు జీవితంలో అంత భయం అంతకు ముందు లేదు, తరవాతా లేదు.

అనకాపల్లి ఆసుపత్రిలో డాక్టరు సీసా చూసి, ఇంకేమీ అడక్కుండా సూది మీద సూది పొడవడం మొదలుపెట్టారు. మూడో రకం మందుకి విరుగుడు మొదటి రకం మందు. పక్క మంచం మీద మామ ఈడువాడే ఒకతను, అదే రకం మందు. తెల్లారేసరికి ఆ మంచం మీద కొత్త దుప్పటి వేస్తున్నారు. అత్త అటు చూడకుండా మా మంచానికి అడ్డంగా కూర్చుంది.

ఆ పొద్దున్నే మామకి మాట వచ్చింది. కళ్ళు ఈసారి పెద్దవై మెరుస్తున్నాయి. గాల్లోంచి ఏదో పట్టుకుంటున్నాడు, దుప్పటి మీంచి ఏరుతున్నాడు.

"అల్లుడా... వచ్చేయిరా. నీ పురుగులు. ఎన్నున్నాయో సూడు. బంగారం రంగురా."

ఆ సూదులు ఎక్కువ పడితే లేనివి కనపడతాయని నర్సు ముందే చెప్పింది. మామ పట్టినవన్నీ జాగ్రత్తగా నా దోసిట్లో పోశాడు. "నలిపీకురా, సచ్చిపోతాయి. తీసుకెళ్ళి సేలో ఒగ్గీ" అన్నాడు. నేను ఖాళీ దోసిలి మూసుకుని మంచాల మధ్య నుంచి వరండాలోకి నడిచి, బయటికి చేతులు చాపి వదిలాను. ఆయా నన్ను చూసి, నాకూ సూది పడిందనుకున్నట్టుంది. గోడ వైపు తిరిగి ఏడ్చాను.

మామ బతికాడు. చేతులకి వణుకు మిగిలింది, గ్లాసు రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చేది. నల్లకోడి బతకలేదు. చేను నెల్లాళ్ళు పచ్చగా, చప్పుడు లేకుండా ఉంది. ఒక సాలెగూడు లేదు, ఒక అక్షింతల పురుగు లేదు. తరవాత పీక పురుగు తిరిగొచ్చింది, అడ్డుకునేవాడు లేడు కనక ఈసారి సంసారంతో సహా వచ్చింది. మామ చేనూ పోయింది, బావ చేనూ పోయింది. భూమి మరొకరి చేతికెళ్ళింది. ఒకరోజు ఆ బావ మా ఆఫీసుకొచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "ఆ కార్డులు... ఉన్నాయేటి బాబూ?" అని అడిగాడు. బస్సు దొరికిందా అని నేను అడగలేదు.

ఆ తరవాత నాకు దొరికిన సాక్షి మా మామ. చేతిలో పని లేదు కదా, నేను ఏ ఊరెళ్తే ఆ ఊరు వచ్చేవాడు. నేను పాఠం చెప్తుంటే ఎవడో ఒకడు, నువ్వు ఆ పురుగుల్ని సూసేవా అని అడిగేవాడు. మామ లేచి నిలబడేవాడు. "నాను సూసేను. సచ్చి బతికొచ్చిన కళ్ళతో సూసేను. బంగారం రంగు, ఇంతింతే రెక్కలు. మీరు డబ్బా ఎత్తుకుంటే ముందు సచ్చేది అయ్యే, ఎనకాల సచ్చేది మీరే" అని వణికే చేతులు చూపించేవాడు. జనం కార్డులు తీసుకునేవారు. ఎవరైనా నూకాలమ్మ తల్లి మీద ఒట్టెయ్యమంటే మాత్రం మామకి దగ్గొచ్చేది. సూది మందు కలలు సాక్ష్యంగా చెల్లుతుంటే ఆపడానికి నాకు మనసొప్పలేదు. ఆ వైపు చేలల్లో ఒకటీ అరా సాలెగూళ్ళు మళ్ళీ కనపడ్డాయి. మామ ఇతరుల చేలగట్ల మీద కూర్చుని వాటిని చూసేవాడు.

చివరి రోజుల్లో ఆయనకి ఊపిరి అందేది కాదు. ఒక మధ్యాహ్నం చూడ్డానికి వెళ్తే, మంచం పక్కన కూర్చోమన్నాడు.

"నిజం సెప్పు అల్లుడా. ఆసుపత్రిలో నాను సూసినవి నీ పురుగులేనా?"

"అవే మామా" అన్నాను, కళ్ళద్దాలు సర్దుకుంటూ.

మామ నవ్వి, ఆ నవ్వు దగ్గులో పడి చాలాసేపటికి తేలాడు. "ఎదవా. సూది వల్లేనని డాట్రుబాబు నాకు అప్పుడే సెప్పేడు. పురుగులే కాదురా, ఏనుగులు కూడా కనపడ్డాయి. మంచం కిందికి దూరీసేయి. ఏనుగుల సంగతి ఎవులికీ సెప్పలేదు."

"మరి ఊరూరా తిరిగి ఎందుకు చెప్పావు మామా?"

"నీ మాట ఎవుడింటాడ్రా గుడ్ల సారూ? సచ్చి బతికినోడు సెప్తే ఇంటారు. ఆ డబ్బా ఇంకోడి ఈపెక్కకూడదు. అంతే."

మామ పోయి చాలా ఏళ్ళయింది. నేనిప్పుడు పెద్ద ఆఫీసరునే, జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు ఇంకా దళసరెక్కాయి. ఇప్పటికీ ఏ మీటింగులోనో కుర్రరైతు లేచి, ఆ పురుగుల్ని మీరు కళ్ళారా చూశారా సార్ అని అడుగుతాడు. భూతద్దం కింద నేను వేలసార్లు చూశాను. అయినా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "మా మామ చూశాడు" అంటాను. ఏనుగుల సంగతి మాత్రం నేను కూడా ఎవరికీ చెప్పలేదు, మీకు తప్ప.