మామ ‘పుడి’ అన్నాడు... నేను ‘విడు’ అని విన్నాను

మా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడేవాళ్లు కాదు... అరిచేవాళ్లు. మా ఊరు నగరిలో మగ్గాల ఇళ్లన్నీ అంతే. పవర్‌లూమ్ ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట సగమే వినిపించేది. మిగతా సగం పెదాలు చూసి తెలుసుకోవాలి.

నాకప్పుడు పదేళ్లు. ఆ ఆదివారం మధ్యాహ్నం మా మామ, అంటే అమ్మ తమ్ముడు, తిరుత్తణి నుంచి వచ్చాడు. మర్నాడు తెల్లారే నాయనా అమ్మా బండి మీద తిరుమలకు పోవాలి... నాయన తలనీలాల మొక్కు. బండికి ముందు డిస్కు బ్రేకు. దాని ఆయిలు మార్చి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. మామ మూత తీసి చూస్తే డికాక్షన్ లాగా నల్లగా ఉంది.

“ఈ బ్రేకుతో కొండ దిగతావా బావా? నీకేమన్నా పిచ్చా!” అన్నాడు మామ. ఒకప్పుడు రెండేళ్లు మెకానిక్ షెడ్డులో పనిచేశాడు కాబట్టి బండి విషయంలో మా ఇంట్లో ఆయన మాటే వేదం.

వసారాలోనే మొదలుపెట్టారు. చక్రం దగ్గరున్న చిన్న నట్టుకు సెలైన్ పైపు ముక్క తొడిగి, రెండో కొస కూల్‌డ్రింక్ సీసాలో పెట్టారు. ఆ ఆయిలు పడితే పెయింటు లేచిపోతుందట, అందుకని ట్యాంకు మీద తడిగుడ్డ కప్పారు. నాయన పైన కొత్త ఆయిలు పోస్తాడు, మామ కింద కూర్చుని నట్టు తిప్పుతాడు. బ్రేకు లివరు పట్టుకునే పని నాది!

“పుడి అంటే గట్టిగా పట్టుకో పాపా. విడు అంటే ఇడిసిపెట్టు. నట్టు తెరిసి ఉండేటప్పుడు మాత్రం ఇడవొద్దు... గాలి లోపలికి పోయిందంటే బ్రేకు పడదు. ఆ పైన గోవిందా!” అన్నాడు మామ. ఆయన మాటల్లో సగం అరవమే.

పుడి... విడు... పుడి... విడు... నల్ల ఆయిలు పోయి లేత పసుపుది రావడం మొదలైంది. వేళ్లు లాగేస్తున్నా నోరు మెదపలేదు. పెద్ద పని నాకిచ్చారని ఒకటే గొప్ప! పక్క గదిలో మగ్గాలు టకటకా ఆడుతూనే ఉన్నాయి. మామ తల వంచుకుని ఏదో అరిచాడు. పెదాలు కనిపించలేదు. నాకు “విడు” అనిపించింది... వదిలేశాను.

పైపులో బయటికి వస్తున్న ఆయిలు గిరుక్కున వెనక్కి పోయింది. దాని వెంట ఒక బుడగ... శనగ గింజంత. నేను చూశాను. మామ ఆ క్షణాన సీసా సర్దుతున్నాడు, చూడలేదు. నట్టు బిగించి లేచాడు.

నాయన లివరు నొక్కి చూశాడు. “ఏంది బామ్మర్దీ... మెత్తగా ఉండాదే?”

“కొత్త ఆయిలు గదా బావా, సర్దుకుంటాది” అన్నాడు మామ.

సర్దుకోదు మామా అని నా నోటిదాకా వచ్చింది... అక్కడే ఆగిపోయింది. “పాప ఉండబట్టి పని గంటలో అయిపోయింది” అని ఆయన అప్పుడే అవ్వకు చెప్తున్నాడు. ఇంక ఎట్లా చెప్పేది? ఆ రాత్రి అందరికంటే ముందే పోయి పడుకున్నాను. ఎవరైనా నా వైపు చూస్తే చాలు, తెలిసిపోయిందేమో అని మొహం తిప్పేసుకున్నాను.

తెల్లారింది. అమ్మ తలలో పూలు పెట్టుకుని బండెక్కింది. బండి కదిలింది. “నాయనా!” అని పిలవబోయి నోరు మూసుకున్నాను. పయనమైనవాళ్లను వెనక నుంచి పిలిస్తే అశుభమని అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో! పిలిస్తే నా పిలుపు వల్లే ఏదైనా అవుతుందేమో... పిలవకపోతే కొండ దిగేటప్పుడు ఆ మలుపుల్లో బ్రేకు పడకపోతే...?

వెనక నుంచి కదా పిలవకూడదు... ముందుకెళ్లి ఆపొచ్చు కదా! చెప్పులు కూడా లేకుండా సందులోంచి పరిగెత్తాను. బండి వీధి చుట్టి వచ్చేలోపు మలుపులో రోడ్డు మధ్యన చేతులు చాపి నిలబడ్డాను.

నాయన బ్రేకు నొక్కాడు. లివరు హ్యాండిల్‌కు అతుక్కుపోయింది... బండి ఆగలేదు. వెనక బ్రేకు తొక్కి, కాళ్లు నేలకు ఈడ్చి ఆపేసరికి ముందు చక్రం నా పావడా అంచు మీదికి వచ్చేసింది.

“బుద్ధుండాదా మే నీకు!” అని అమ్మ దిగి వీపు మీద ఒక్కటి వేసింది. నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను.

నాయన లివరు ఇంకోసారి నొక్కి చూసుకున్నాడు. బండి స్టాండు వేసి అన్నాడు, “తప్పు చేసినందుకు కొట్టను పాపా. నిన్నటి నుంచి ఒక్కదానివే మోసినావు సూడు... దానికి కొట్టాల నిన్ను.”

బండి తోసుకుంటూ ఇంటికొచ్చాం. “నేను పుడి అనే అంటి పాపా... అయినా నాదే తప్పు. మెత్తగా ఉండాదని బావ సెప్పినా ఇనలేదు” అన్నాడు మామ. నాయన మగ్గాలన్నీ ఆపించాడు. చావుకు తప్ప మా ఇంట్లో పగటిపూట మగ్గాలు ఆగిన రోజు అదొక్కటే. మళ్లీ మొదటి నుంచి... ఆ లివరు ఎవరు పట్టుకోవాలని నాయన అడగనేలేదు. నా చెయ్యి తీసి దాని మీద పెట్టాడు.

వీధిలో పదిసార్లు తిప్పి, బ్రేకు గట్టిగా పడుతోందని చూసుకున్నాకే వాళ్లు బయల్దేరారు. రాత్రి బాగా పొద్దుపోయి నాయన గుండుతో దిగేదాకా నేను గడప వదల్లేదు.

ఇప్పుడు నా స్కూటీ సర్వీసుకిస్తే సాయంత్రానికి ఫోనులో మెసేజ్ వస్తుంది... ‘బ్రేక్ ఆయిల్ మార్చబడినది’ అని. ఎవరు మార్చారో తెలియదు. వాళ్లకూ ఎప్పుడైనా చెయ్యి జారే ఉంటుంది... కానీ ఆ మాట చెప్పమని ధైర్యమిచ్చే మనిషి వాళ్ల పక్కన ఉన్నాడో లేడో!

భయపడి దాచుకుని, చివరి నిమిషంలో కక్కేసిన తప్పు మీకూ ఒకటి ఉండే ఉంటుంది... కింద రాయండి. ఇక్కడ ఎవరూ తిట్టరు లెండి.