వేలు లేని పచ్చపిట్ట

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. బొగ్గుబావిలో ఎలక్ట్రీషియన్‌గా పని చేసేవాడికి ఆ నమ్మకం ఉంటే పూట గడవదు. ఫలానా మలుపులో ఎవరో దగ్గారని, ఫలానా చోట పేరు పెట్టి పిలిచారని మావాళ్లు చెబుతూనే ఉంటారు. "దయ్యం గూడ మన షిఫ్టులనే ఎక్కిందా అన్నా?" అని వాళ్లను ఏడిపించడం నాకు అలవాటు. అలాంటి నేను ఒక చిన్న పిట్ట గురించి ఇలా రాయాల్సి వస్తుందని అనుకోలేదు.

భూపాలపల్లిలో కార్మికుల క్వార్టర్లలో ఉంటాం. నేను, నా భార్య సునీత, రెండో తరగతి చదివే కూతురు సహస్ర. మొన్న ఎండాకాలం పెద్దవంగరలో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు పిల్లను కుక్క కరిచింది. ముంజేతి కండ పట్టుకుని వదల్లేదు. మహబూబాబాద్‌లో దవాఖానలో చేర్చాం. సూదులు, కట్లు, వాటి మీద జ్వరం.

ఒక మధ్యాహ్నం మేమిద్దరం కాసేపు బయటికి పోయి వార్డులోకి తిరిగి వచ్చేసరికి సహస్ర కళ్లు తెరిచి ఉంది. "బాపూ, ఇప్పటిదాక మంచం మీద పచ్చపిట్ట కూసున్నది. దాని కాలికి ఒక వేలు లేదు" అంది. కిటికీలన్నిటికీ దోమల జాలి కొట్టి ఉంది, పిచ్చుక కూడా దూరలేదు. జ్వరంలో ఏదో మాట్లాడుతోందనుకున్నాం. పిల్ల ఇలా అంటోందని సునీత ఆ సాయంత్రమే వాళ్ల అక్కకు ఫోన్‌లో చెప్పుకుని బాధపడింది.

గాయం మానింది, భయం మానలేదు. కుక్క సంగతి సరే, పిల్లి కనబడినా, కోడిపిల్ల అడ్డం వచ్చినా మంచం ఎక్కేది. బడి మానేసింది. గడప దాటించాలంటే ఎత్తుకోవాలి, ఎత్తుకున్నా నా మెడలో గోళ్లు దిగేవి. అంత చిన్నపిల్ల తలుపు వేసుకుని లోపలే కూర్చుంటే ఆ ఇంట్లో అన్నం కూడా సయించదు. చూపించిన డాక్టరమ్మ, ఏదైనా చిన్న సాధుజీవిని ఇంట్లో పెంచి చూడమంది. అయితే అది ఒక్కసారి కొరికినా మొదటికే మోసం వస్తుందని కూడా హెచ్చరించింది.

నా బామ్మర్ది రమేష్ జనగామలో డాబా మీద పిట్టలు పెంచుతాడు. ఫోన్ చేస్తే, "రామచిలుక వద్దు బావా, ఫారెస్టోళ్లు కేసు పెడ్తరు. చిన్న చిలుకలే మంచిగుంటయ్" అన్నాడు. అందరూ లవ్‌బర్డ్స్ అంటారే, అవి. దీపావళి దాటాక పిల్లను, సునీతను ఇంట్లో ఉంచి నేనొక్కడినే పోయాను.

నేను మోటారు కొన్నా విప్పి చూసే మనిషిని. పిట్టనూ అలాగే చూశాను. నుదుటి మీది గీతలు ముక్కు దాకా ఉంటే అది లేత పిట్ట అని రమేష్ చెప్పాడు. చెయ్యి లోపల పెడితే మూలకు పారిపోయేది వద్దు, మీదికి దూకేదీ వద్దు, ఉన్నచోటే ఉండి చూసేది కావాలి. వాడు విసుక్కుంటున్నా వినకుండా ఒక్కొక్కదాన్నీ పరీక్షించి, చివరికి ఒక పచ్చదాన్ని ఎంచాను. వేలి మీద పెట్టుకుంటే ఈకలు ఉబ్బించి కునికిపాట్లు పడింది. కాళ్లు తిప్పి చూశాను, వేళ్లన్నీ ఉన్నాయి. రమేష్ దాన్ని వేరే పంజరంలో పెట్టాడు. మేము అన్నం తినేలోపల వాన దంచింది, కరెంటు పోయింది. వాడు ఆ మసక వెలుతురులోనే పిట్టను గుడ్డతో పట్టి అట్టపెట్టెలో పెట్టి నన్ను బస్సెక్కించాడు.

మర్నాడు పొద్దున దాన్ని పంజరంలోకి మారుద్దామని పెట్టెలో చెయ్యి పెట్టాను. వేలు కరిచి పట్టుకుంది, నెత్తురు వచ్చింది. ఎలాగో లోపల వేసి తలుపు మూశాక చూస్తే, కుడికాలికి ఒక వేలు లేదు.

నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు దవాఖాన గుర్తు రాలేదు. రమేష్ మీద ఒళ్లు మండింది. ఫోన్ చేసి తిట్టాను. వాడు డాబా ఎక్కి చూసి, "బావా, నువ్వు ఏరుకున్నది గీడనే ఉన్నది. రెండు ఒక్క గూటియే, ఒక్క తీరుగనే ఉంటయ్, మసకల మారిపోయినయ్. నీ తాన ఉన్నది మా ఇంట్ల అందర్నీ కొరికేది. మీ చెల్లె చేతికి గుడ్డ సుట్టుకోకుంటే దానికి నీళ్లు గూడ పెట్టది. జర పిల్లను దగ్గరికి రానియ్యకు, రేపొచ్చి మారుస్త" అన్నాడు.

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. వెనక సునీత "అయ్యో" అంది. తిరిగి చూస్తే సహస్ర పంజరం తలుపు తీసి చెయ్యి లోపల పెట్టింది. కోడిపిల్లకు భయపడే పిల్ల! లాగితే బెదిరి కొరుకుతుందని భయం, లాగకపోయినా కొరుకుతుందని భయం. పిట్ట మెల్లగా మణికట్టు ఎక్కింది. కుక్క కరిచిన మచ్చ దాకా నడిచి వచ్చి, అక్కడే ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది.

"ఇదే బాపూ, దవాఖానకు వచ్చింది" అంది సహస్ర.

సునీత నా వంక చూసింది. అప్పుడు గుర్తొచ్చింది.

రెండో రోజు రమేష్ ఆ మంచి పిట్టను పట్టుకుని దిగాడు. మా దగ్గరున్నదాన్ని తీయబోతే వాడినీ కొరికింది. అదే పిట్ట సహస్ర చెంపకు ఆనుకుని కునుకు తీస్తుంటే నోరు తెరుచుకుని చూశాడు.

"గీ వేలు ఎప్పుడు పోయిందిరా?" అని అడిగాను.

"గూట్ల ఉన్నప్పుడే తల్లి కొరికింది బావా. వినాయకచవితికి ఇది ఇంక కండ్లు గూడ సరిగ తెరవలే."

అంటే ఎండాకాలంలో మేము దవాఖానలో ఉన్నప్పుడు ఈ పిట్ట ఇంకా పుట్టనే లేదు.

నేను ఊరుకోలేదు. వైరు ఎక్కడ తెగిందో వెతికినట్టు వెతికాను. దవాఖాన మాట మేమే తర్వాత కల్పించుకున్నామేమోనని సునీత అక్కకు ఫోన్ చేశాను. "ఎండలల్లనే చెప్పింది గదా మరిదీ, వేలు లేని పచ్చపిట్ట అని. ఎట్ల మర్సిపోత?" అంది. రమేష్ దగ్గర వేలు లేని పిట్ట ఇంకొకటి లేదు, అంతకుముందు ఉన్నదీ లేదు. మా అమ్మ మాత్రం ఈ విచారణలేవీ పెట్టుకోకుండా వచ్చి పిట్టకు దిష్టి తీసి పోయింది. మంచి పిట్ట మళ్లీ జనగామ బస్సెక్కింది.

ఆ తర్వాత సహస్ర పంజరం పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. కొన్నాళ్లకు గేటు దాకా వచ్చింది. ఒక సోమవారం పొద్దున బ్యాగు తనే తగిలించుకుని, "బాపూ, నేనే పోత" అంది. సందు చివర ఒక కుక్క పడుకుని ఉంది. పిల్ల ఆగింది. గోడ వైపు ఒదిగి, దాన్నే చూస్తూ దాటి, బడి దారి పట్టింది. నేను గేటు పట్టుకుని ఏడ్చేశాను. డ్యూటీకి పోయేవాళ్లు చూస్తున్నా సిగ్గనిపించలేదు. అన్ని నెలల తర్వాత ఆ రోజు కడుపునిండా తిన్నాను.

మొన్న ఆదివారం పంజరం కడుగుతూ, ఊరికే అడిగినట్టు అడిగాను. "బిడ్డా, దవాఖానల గీ పిట్ట ఏం చేసింది?"

"ఏం చెయ్యలే బాపూ. నువ్వు, అమ్మ మెట్ల కాడ ఏడ్సుకుంట ఉన్నరు గదా. మీరొచ్చేదాక నా తాన కూసున్నది."

ఆ మెట్లు వార్డుకు అవతలి చివర, మూసి ఉన్న తలుపు వెనక ఉన్నాయి. చెయ్యి మునుపటిలా పని చేస్తుందో లేదో చెప్పలేమని డాక్టర్లు ఆ మధ్యాహ్నమే మాతో అన్నారు. పిల్ల నిద్రపోయిందని చూసుకున్నాకే మేమిద్దరం అక్కడికి పోయాం. ఆ ఏడుపు సంగతి ఎవరికీ చెప్పలేదు. మాలో మేము కూడా మళ్లీ ఎత్తలేదు.

పిల్లకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను ఇక అడగలేదు కూడా. మేము పక్కన లేని ఆ కాసేపూ నా బిడ్డ ఒంటరిగా లేదట. నాకు అది చాలు.