మూలల్లో నలుపు

మొన్న ఆదివారం బన్సీలాల్‌పేట్ మెట్లబావి దగ్గర ఒకాయన ఖరీదైన కెమెరాతో ఫోటోలు తీస్తున్నాడు. లెన్సుకు ఎండ తగలకుండా ముందు తొడిగే హుడ్‌ను తిరగేసి వెనక్కి బిగించుకున్నాడు. నెత్తిన మిట్టమధ్యాహ్నపు ఎండ. గొడుగు చంకలో పెట్టుకుని తడిసే మనిషిని ఏమంటాం? నోటిదాకా వచ్చింది గానీ ఊరుకున్నాను. మా చిన్నాయన అయితే ఊరుకునేవాడు కాదు.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. చిలకలగూడలో మా పక్క వాటా. రైల్వే ఆఫీసులో ఉద్యోగం జీతానికి, కెమెరా ప్రాణానికి. మోచేతులు డొక్కలకు ఆనించాలని, ఊపిరి సగం వదిలి బటన్ నొక్కాలని, మనిషిని ఎండలో కాక నీడపట్టున నిలబెట్టి కళ్ల మీద ఫోకస్ పెట్టాలని నాకు నేర్పింది ఆయనే. చుట్టాలింట పెళ్లంటే పిలవకముందే కెమెరా సంచీతో తయారు. చిన్నమ్మ ఫోటో మాత్రం సరైనది ఒక్కటీ లేదు. "ఇంట్ల మనిషే గద, ఎప్పుడైన దీస్త," అనేవాడు. "ఊళ్లె అందరి పెండ్లాలు అగుపడ్తరు ఈయనకు," అని చిన్నమ్మ అన్నం వడ్డిస్తూ దెప్పేది.

రిటైరయ్యాక డిజిటల్ కెమెరా కొన్నాడు. కొన్నాళ్లకే పేచీ మొదలైంది. "ఫోటోల మూలలు నల్లబడ్తున్నయి బిడ్డా, హుడ్ అడ్డమొస్తున్నది," అన్నాడు. హుడ్ మార్చాడు. ఫిల్టర్ తీసేశాడు. వేరే లెన్సు తెచ్చాడు. రాంగోపాల్‌పేట్‌లో కెమెరాలు బాగుచేసే అతను విప్పి చూసి ఏమీ లేదన్నందుకు, వానికి పని రాదని తిట్టి వచ్చాడు. గడప తగిలితే చెప్పుల్ని తిట్టాడు, చెంబు తన్నితే చిన్నమ్మను. మేము నవ్వాం, తెలివితక్కువ వాళ్లం. అలా ఏడాది గడిచింది.

ఒక పొద్దున తెల్లగోడను ఫోటో తీసి, నా కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడమన్నాడు. లెన్సు లోపం పట్టుకోవడానికి అదొక పద్ధతి.

"మూలలు నల్లగ లేవా?"

"లేవు చిన్నాయనా. అంత తెల్లగనే ఉన్నది."

కెమెరాను మెల్లగా బల్ల మీద పెట్టాడు. "అయితే నా కన్నే," అన్నాడు.

కంటి నరం ఎండిపోయిందని, పోయిన చూపు రాదని, ముందే వచ్చి ఉంటే కొంతైనా నిలిచేదని డాక్టరమ్మ చెప్పింది. ఇక ఆయనకు ఒకటే పట్టు, చూపు ఉండగానే చిన్నమ్మ ఫోటో తీయాలని. ఒకరోజు మబ్బు, వెలుగు బాగాలేదన్నాడు. ఇంకోరోజు, "ఏడ్పు మొఖం దీస్తవా, జెర ఆగు," అని ఆమే వాయిదా వేసింది. చివరికి ఆమెను కిటికీ పక్కన నిలబెట్టి, కెమెరాను అటూ ఇటూ తిప్పుతూ ఆమె ముఖం కోసం వెతికాడు.

"యాడున్నవ్?"

"ఈడనే ఉన్న గద."

నొక్కాడు. కెమెరా తెరను ముక్కుదాకా తెచ్చుకున్నాడు. "కండ్ల మీదనే పడ్డదా ఫోకస్?"

"పడ్డది," అంది చిన్నమ్మ. ఫోకస్ వెనక తలుపు గొళ్లెం మీద పడింది. ఆమె ముఖం మసకగా ఉంది. నేను పక్కకు తిరిగి ఏడ్చాను.

ఇప్పుడు ఆయనకు వెలుగూ చీకటీ ఒకటే. మా కళ్ల ముందు చిన్నమ్మ ఏటేటా వంగిపోతోంది. ఆయన మనసులో మాత్రం ఆమెది ఆ ఫోటో తీసిన రోజు వయసే అనుకుని సరిపెట్టుకున్నాను. నిన్న నా చెయ్యి పట్టుకుని, "మీ చిన్నమ్మ మొఖం యాదికి వస్తలేదు బిడ్డా," అన్నాడు. కాలం ఆయన కళ్లు తీసుకుని ఊరుకుంటుందనుకున్నాను, లోపల దాచుకున్నదాన్ని కూడా వదల్లేదు.