ఏడిస్తేనే అచ్చేస్తారట

ఆ కాగితాలు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒక యువ యూదు రచయిత్రి ఇంగ్లిష్‌లో రాసిన కథను తెలుగు చేసి, ఒక పత్రిక ప్రత్యేక సంచికకు ఇచ్చాను. కథలో నానమ్మ చనిపోతుంది. వాళ్ల ఆచారం ప్రకారం ఇంట్లో అద్దాలకు గుడ్డలు కప్పి, ఏడు రోజులు పొట్టి పీటల మీద కూర్చుంటారు. పలకరించడానికి వచ్చినవాళ్లు తెచ్చిన వంటలకు మనవరాలు నానమ్మ గొంతుతో వంకలు పెడుతుంది. ఇల్లంతా నవ్వుతుంది. ఆ నవ్వులోనే తాత ఏడుస్తాడు. కథంతా అంతే.

నాకది పరాయి కథ అనిపించలేదు. ఇబ్రహీంపట్నంలో మా నానమ్మ పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం. ఆమెకు ఇష్టమైన కూరలన్నీ విస్తరిలో పెట్టి ఎంతసేపు నిలబడ్డా కాకి ముట్టలేదు.

"కల్లు పొయ్యలే గదా, అలిగింది. బతికున్నప్పుడు గూడ గట్లనే జేసేది" అంది మా మేనత్త.

అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. తల్లి పోయినా అప్పటిదాకా కంట తడి పెట్టని మా బాపు అప్పుడు ఏడ్చాడు. అందుకే తెలుగులో ఆ మనవరాలి చేత మా మేనత్త యాసలో మాట్లాడించాను.

సంపాదకుడు కోస్తా నుంచి వచ్చి అబ్దుల్లాపూర్‌మెట్‌లో స్థిరపడ్డ పెద్దమనిషి. రమ్మంటే వాళ్లింటికి వెళ్లాను. టీ ఇచ్చి, నా కాగితాలు ముందు పెట్టాడు. నవ్వొచ్చే చోటల్లా కొట్టివేతలే. యూదుల కథంటే చదివేవాడికి కన్నీళ్లు రావాలట, వాళ్లు పడ్డ బాధలు కనపడాలట. పైగా చావింట్లో ఈ యాసేమిటి, సినిమా కామెడీలా ఉందన్నాడు.

నాకు తిక్క రేగింది. రాసిన పిల్ల ఈ కాలంలో పుట్టింది. ఫోన్ చూసుకుంటుంది, వాళ్లమ్మతో పోట్లాడుతుంది, జోకులేస్తుంది. ఆమె యూదుతనం అందులోనే ఉంది. యూదులేమో ఎప్పుడూ ఏడవాలి, మా యాస ఎప్పుడూ నవ్వించాలి. ఈ వాటాలు వేసిందెవరు? ఏ చావింట్లో కూర్చుని వేశారు?

నవ్వు తీసేస్తే ఇక కథే లేదన్నాను. అనుమతి ఇచ్చేటప్పుడు ఆ పిల్ల నన్ను కోరింది కూడా నవ్వు పోనివ్వొద్దనేనని చెప్పాను. ఆయన తాపీగా టీ తాగాడు.

"ఆవిడకి తెలుగు రాదు కదా మేడం. ఏం తెలుస్తుంది?"

"నాకొస్తది గద సార్" అని నా కాగితాలు తీసుకుని లేచాను.